డీఎస్ఎల్ఆర్ కొనేముందు: నెల్లూరు, ఒంగోలు వైపు ఏ బాడీ, ఏ లెన్స్, ఏ సరంజామా

షాపు కౌంటర్ మీద కొత్త కానన్ 1500డీని, వాడిన నైకాన్ డీ750ని పక్కపక్కన పెడితే మెగాపిక్సెళ్ళ అంకె ఇంచుమించు ఒకటే: ఒకదాంట్లో 24.1, ఇంకోదాంట్లో 24.3. రాత్రి పదకొండింటి ముహూర్తానికి తలంబ్రాలు పోస్తుంటే మాత్రం ఒకటి ఫోకస్ కోసం వెతుక్కుంటూ ఉంటుంది, రెండోది ఫొటో తీసేసి ఉంటుంది. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టండి. వెలుతురు లెన్స్‌లోకి వచ్చింది మొదలు సెన్సర్ (ఫొటోను పట్టే పలక) మీద పడేదాకా ఏ దారిన పోతుందో తెలిస్తే, ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవచ్చో తేలిపోతుంది.

ముందుగా ఒక విషయం. 2020 తర్వాత కానన్, నైకాన్ రెండూ కొత్త డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) మోడల్ తేలేదు, వాళ్ళ శ్రద్ధంతా అద్దం లేని మిర్రర్‌లెస్ మీదే. మీ పని ఎక్కువగా వీడియోలు, రీల్స్ అయితే మిర్రర్‌లెస్సే తీసుకోండి. ఫొటోలే ప్రధానం, బడ్జెట్ గట్టిగా ఉంది అంటే మాత్రం డీఎస్ఎల్ఆర్ ఇప్పటికీ మంచి బేరం. కానన్ ఈఎఫ్ మౌంటు (బాడీకి లెన్స్ తగిలించే రింగు) 1987 నుంచి, నైకాన్ ఎఫ్ మౌంటు 1959 నుంచి ఉన్నాయి. ఇన్నేళ్ళ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి.

అద్దం చేసే పని

లెన్స్ తీసి బాడీ లోపలికి చూస్తే 45 డిగ్రీల వాలులో ఒక అద్దం కనిపిస్తుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురు దానికి తగిలి పైకి పోయి, ఫోకసింగ్ స్క్రీన్ అనే గరుకు పలక మీద బొమ్మ కడుతుంది. కుడి ఎడమలు తారుమారైన ఆ బొమ్మను సరిచేసి కంటికి పంపేది పైన మూపురంలా ఉండే భాగంలోని పెంటాప్రిజం. డీ7500, 90డీ లాంటి వాటిలో (డీ ముందుంటే నైకాన్, అంకె తర్వాత ఉంటే కానన్) అది గట్టి గాజు, ఫొటోలో పడేదంతా వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, 100 శాతం కనిపిస్తుంది. 1500డీ, 200డీ మార్క్ 2, డీ5600లో దాని బదులు అద్దాలు అతికించిన పెంటామిర్రర్ ఉంటుంది. అది కాస్త మసకగా, 95 శాతమే చూపిస్తుంది. తీసేటప్పుడు కనిపించని షామియానా గుంజ ఫొటో అంచులో ప్రత్యక్షమవడానికి కారణం ఇదే. ఇబ్బందే గానీ, దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సినంత ఇబ్బంది కాదు.

డబ్బు పెట్టాల్సిన చోటు అద్దం వెనక ఉంది. పెద్ద అద్దం మధ్యభాగం కొంత వెలుతురును లోపలికి పోనిస్తుంది. దాని వెనక గోరంత ఇంకో అద్దం ఉండి, ఆ వెలుతురును కిందికి, కెమెరా అడుగున ఉన్న ఆటోఫోకస్ మాడ్యూల్‌కి పంపుతుంది. లెన్స్‌కి రెండు పక్కల నుంచి వచ్చిన వెలుతురును అది పోల్చి చూసి, ఫోకస్ ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో ఒక్కసారే చెప్పేస్తుంది. డీఎస్ఎల్ఆర్ వేగమంతా అక్కడిదే. ఆ మాడ్యూల్‌లో 1500డీ, 200డీ మార్క్ 2లకు 9 పాయింట్లు, డీ5600కి 39, 90డీకి 45, డీ7500, డీ750లకు 51. ఎగిరే గూడబాతును (పెలికాన్‌ను), బండలాగుడు పందెంలో ఉరికే ఒంగోలు గిత్తను పట్టాలంటే ఈ అంకె చూడాలి. కదలకుండా నిలబడ్డ మనుషులకు 9 పాయింట్లు సరిపోతాయి.

షట్టర్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, లెన్స్‌లో అపర్చర్ (వెలుతురు పోయే రంధ్రం) మనం పెట్టినంతకు కుంచించుకుంటుంది, మొదటి తెర జారి సెన్సర్ తెరుచుకుంటుంది, రెండో తెర వచ్చి మూస్తుంది, అద్దం దిగుతుంది. 1500డీ, డీ5600 లాంటి బాడీల్లో సెకనులో 1/200 వరకు సెన్సర్ ఒక్క క్షణమైనా పూర్తిగా తెరిచి ఉంటుంది. అంతకన్నా వేగం పెంచితే మొదటి తెర దాటకముందే రెండోది బయల్దేరుతుంది, మధ్యలో సన్నని సందే మిగులుతుంది. ఫ్లాష్ మెరుపు ఆ సందులో పడ్డంత మేరకే పడి, మిగతా చోట నల్లటి పట్టీ వస్తుంది. పెళ్ళి ఫొటోల్లో సగం చీకటి కనిపిస్తే ఫ్లాష్ పాడైందనుకుని షాపుకి పరిగెత్తకండి, షట్టర్ 1/160కి దించి చూడండి.

కొన్న వారంలోపే చేయాల్సిన పరీక్ష

ఫోకస్ మాడ్యూల్‌కి పోయే దారి, సెన్సర్‌కి పోయే దారి వేరు వేరు. రెండూ సమానంగా లేకపోతే కంటికి వేసిన ఫోకస్ చెవి మీద పడుతుంది. బాడీతో కలిపి ఇచ్చే కిట్ లెన్స్‌తో ఈ తేడా బయటపడదు. 50 ఎంఎం ఎఫ్/1.8 పెట్టగానే పడుతుంది (ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంలోనివి దగ్గరగా కనిపిస్తాయి, ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ అపర్చర్ పెద్దదై వెలుతురు ఎక్కువ వస్తుంది).

పరీక్ష సులువు. ఒకే రకం అగరొత్తుల పెట్టెలు మూడు తీసుకుని, మధ్యది ఒక చోట, ఎడమది దానికన్నా 3 సెంటీమీటర్లు ముందుకు, కుడిది 3 సెంటీమీటర్లు వెనక్కి నిలబెట్టండి. కెమెరాను స్టాండు మీద మీటరు దూరంలో పెట్టి, అపర్చర్ ఎఫ్/1.8లో, వ్యూఫైండర్ మధ్య పాయింట్‌తో మధ్య పెట్టె మీద ఫోకస్ వేసి తీయండి. ఫోకస్ చెడగొట్టి మళ్ళీ వేస్తూ ఐదుసార్లు తీయండి. తర్వాత లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) అదే పెట్టె మీద ఐదు తీయండి. లైవ్ వ్యూలో ఫోకస్ నేరుగా సెన్సర్ మీదే తేలుతుంది కాబట్టి అది మనకు కొలబద్ద. లైవ్ వ్యూలో మధ్య పెట్టె స్పష్టంగా ఉండి, వ్యూఫైండర్‌తో తీసిన ఐదిట్లోనూ ముందు పెట్టె అక్షరాలే స్పష్టంగా వస్తుంటే ఆ బాడీ, లెన్స్ జోడీ కుదరలేదని అర్థం. ఒక్కోసారి ముందుకు, ఒక్కోసారి వెనక్కి పోతుంటే మాత్రం వెలుతురు చాలకనో, చెయ్యి కదిలో అయి ఉంటుంది, మళ్ళీ పగలు చేయండి.

డీ7500, డీ750, 80డీ, 90డీ, 6డీలలో దీన్ని మెనూలోనే సరిచేసుకోవచ్చు. 1500డీ, 200డీ మార్క్ 2, డీ5600లలో ఆ సౌకర్యం లేదు. వాటికి లెన్స్ మార్పించుకోవడమో, సర్వీస్ సెంటర్‌లో సరిచేయించడమో తప్ప దారి లేదు. అందుకే ఈ పరీక్ష వారంలోపే, షాపువాళ్ళు మార్చి ఇచ్చే గడువులోనే పెట్టుకోవాలి.

ఏ పనికి ఏది

ఇంటి వేడుకలు, ఊళ్ళో తిరునాళ్ళు, ఫొటోగ్రఫీ నేర్చుకోవడం: 200డీ మార్క్ 2 లేదా వాడిన డీ5600. 200డీ మార్క్ 2 బరువు తక్కువ, లైవ్ వ్యూలో ఫోకస్ డీ5600 కన్నా చాలా వేగం. డీ5600కి పాయింట్లు ఎక్కువ. 1500డీ ధర తక్కువేగానీ సెకనుకి 3 ఫొటోలే తీస్తుంది, లైవ్ వ్యూ ఫోకస్ నత్తనడక. 3000డీ వద్దు, దాని మౌంటే ప్లాస్టిక్.

కానన్‌లో ఒక చిక్కుంది. 1500డీ, 3000డీ, 200డీ మార్క్ 2 బాడీల నెత్తిన ఫ్లాష్ దూర్చే గాడిలో మధ్యన ఉండాల్సిన పెద్ద లోహపు చుక్క ఉండదు. ఆ ఒక్క చుక్కను నమ్ముకుని పనిచేసే చవక ట్రిగ్గర్లు (దూరంగా పెట్టిన ఫ్లాష్‌ను వెలిగించేవి), పాత ఫ్లాష్‌లు వీటి మీద వెలగవు. కానన్ కోసమే చేసిన, ఈ మోడల్ పేరు తన జాబితాలో ఉన్న టీటీఎల్ (లెన్స్‌లోంచి వచ్చే వెలుతురును కొలిచి మెరుపును తానే సర్దుకునే) ఫ్లాష్ లేదా ట్రిగ్గరే కొనాలి. స్టూడియో లైట్లు వాడే ఆలోచన ఉంటే గాడిని కళ్ళారా చూసి కొనండి.

నైకాన్‌లో చిక్కు ఇంకోటి. డీ3500, డీ5600 బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. చవగ్గా దొరికే పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ వీటికి తగిలిస్తే చేత్తోనే ఫోకస్ తిప్పుకోవాలి. మోటారు లెన్స్‌లోనే ఉండే ఏఎఫ్-ఎస్ అని ఉన్నది తీసుకోండి. తిరగేసి చూస్తే, కొత్త ఏఎఫ్-పీ లెన్సులు డీ90, డీ3100, డీ5100, డీ7000 లాంటి పాత బాడీల మీద ఆటోఫోకస్ చేయవు. లెన్స్ పేరులోని ఈ రెండు మూడు అక్షరాలు చదవకుండా డబ్బు చేతిలో పెట్టకండి.

పెళ్ళిళ్ళు తీసి సంపాదించుకోవాలనుకునేవాళ్ళకు: వాడిన డీ750 లేదా కానన్ 5డీ మార్క్ 3. రెండింటికీ రెండు కార్డు గాళ్ళున్నాయి. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టించలేం కదా, ఒక కార్డు చెడిపోయినా రెండోదాంట్లో ఫొటో ఉండాలి. 6డీ ఫొటో నాణ్యత బాగుంటుంది, కానీ కార్డు గాడి ఒకటే, ఫోకస్ పాయింట్లు 11. బడ్జెట్ అంతదాకా రాకపోతే చిన్న సెన్సర్ బాడీ (డీ7500, 90డీ, 200డీ మార్క్ 2 లాంటివి; డీ750, 5డీ, 6డీలది పెద్ద సెన్సర్) మీద 17-50 ఎంఎం ఎఫ్/2.8 (టామ్రాన్, సిగ్మా రెండూ చేశాయి) పెట్టండి. లెక్క చూడండి: కిట్ లెన్స్ జూమ్ చివర ఎఫ్/5.6, ఇది ఎఫ్/2.8, అంటే నాలుగింతల వెలుతురు. పెద్ద సెన్సర్ వల్ల కలిసొచ్చేది సుమారు రెండింతలే. పెద్ద బాడీకి చీకటి లెన్స్ తగిలించడం కన్నా చిన్న బాడీకి వెలుగు లెన్స్ తగిలించడం మేలు అనేది ఇందుకే. 50 ఎంఎం మీద కూడా జాగ్రత్త. చిన్న సెన్సర్ మీద అది 75-80 ఎంఎంలా పనిచేస్తుంది, ఇంట్లో చేసే నిశ్చితార్థానికి వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది. ఇళ్ళలో తీసేవాళ్ళు 35 ఎంఎం లేదా 24 ఎంఎం తీసుకోవాలి. ఇంకోటి, కానన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు 6డీ, 5డీ బాడీలకు ఎక్కనే ఎక్కవు. తర్వాత పెద్ద బాడీకి మారే ఉద్దేశం ఉంటే లెన్సులు ఈఎఫ్‌వే కొనండి.

పక్షులకు: డీ7500 మీద 200-500 ఎఫ్/5.6, లేదా 90డీ మీద 150-600. ఇక్కడ చిన్న సెన్సరే లాభం. 500 ఎంఎం నైకాన్‌లో 750లా పనిచేస్తుంది. నేలపట్టు పక్షుల కేంద్రంలో నీళ్ళలోని చెట్ల మీద గూళ్ళు పెట్టే గూడబాతులు పెద్ద పక్షులు, వాచ్ టవర్ నుంచి 55-250 లేదా 70-300తో కూడా గూళ్ళతో సహా చక్కగా వస్తాయి. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు వేరు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నిలబడి చూస్తే అవి దూరంగా గులాబీ గీతలా ఉంటాయి. 500కి తక్కువైతే పక్షులున్న నీటి ఫొటో వస్తుందిగానీ పక్షి ఫొటో రాదు. (2022 నుంచి ఈ రెండు చోట్లూ తిరుపతి జిల్లా లెక్కలోకి వస్తాయి, నెల్లూరు నుంచి పోయే దారి మాత్రం అదే.) పైగా ఎండెక్కాక నీటి మీద గాలి మరిగినట్టు కదులుతుంది. ఆ అలల్లోంచి ఎంత ఖరీదైన లెన్సైనా మసకే చూపిస్తుంది. అది ఫోకస్ తప్పు కాదు. తెల్లారిన రెండు గంటల్లోపే పని ముగించుకోండి.

లెన్స్ కొనలేక 2ఎక్స్ టెలీకన్వర్టర్ (బాడీకి, లెన్స్‌కి మధ్య తగిలించి ఎంఎంను రెండింతలు చేసే ముక్క) కొందామనుకుంటారు చాలామంది. అది ఎఫ్/5.6 లెన్స్‌ను ఎఫ్/11 చేస్తుంది. ఆ చిన్న అద్దం ద్వారా ఫోకస్ మాడ్యూల్‌కి చేరే వెలుతురు ఇక చాలదు, ఆటోఫోకస్ ఆగిపోతుంది. ఆ డబ్బు దాచి పెద్ద లెన్స్ కోసం ఆగడమే మంచిది.

సెకనులో ఎంత షట్టర్ అన్నదానికి ఒక గుర్తు: చేత్తో పట్టుకుని 250 ఎంఎంలో తీస్తే కానన్ చిన్న సెన్సర్‌కి 250ని 1.6తో గుణించి 1/400కి తగ్గొద్దు. ఎగిరే పక్షికి 1/1600 నుంచి మొదలుపెట్టండి.

సరంజామాలో ముందేది, తర్వాతేది

మొదట కొనాల్సింది ఇంకో ఒరిజినల్ బ్యాటరీ, రెండు కార్డులు. 64 జీబీ వీ30 (కార్డు వేగం గుర్తు) కార్డులో 24 మెగాపిక్సెళ్ళ రా (కెమెరా సవరించకుండా దాచే) ఫొటోలు ఇంచుమించు 2000 పడతాయి. 256 జీబీ ఒకటి కొనేకన్నా 64 జీబీవి మూడు ఉంటే, ఒకటి పోయినా పెళ్ళంతా పోదు. బ్యాటరీ విషయంలో డీ3500 ఒక్క చార్జింగ్‌కి 1550 ఫొటోల లెక్కకు వస్తుంది, 1500డీ 500. పూర్తి ముహూర్తం తీయాలంటే 1500డీకి మూడు బ్యాటరీలుండాలి.

ఫ్లాష్ తల పైకీ పక్కకీ తిరిగేది తీసుకోండి. తెల్లటి సీలింగుకి కొట్టి తీస్తే మొహాలు మెత్తగా వస్తాయి. ఎర్ర షామియానా కింద అదే పని చేస్తే గుడ్డ రంగంతా పెళ్ళికూతురి మొహం మీదికి దిగుతుంది, తర్వాత కంప్యూటర్‌లో సరిచేసినా చీర రంగు పోతుంది. అక్కడ చిన్న తెల్ల డిఫ్యూజర్ పెట్టి నేరుగా కొట్టడం మేలు.

ఫిల్టర్లలో యూవీ గాజు మన సముద్రపు ఒడ్డున పనికొస్తుంది, ఉప్పు తుంపర లెన్స్ మీద పడకుండా. రాత్రి సీరియల్ లైట్ల ముందు మాత్రం తీసేయండి, ప్రతి బల్బుకీ ఒక దెయ్యపు చుక్క ఫొటోలో పడుతుంది. పోలరైజర్ నీటి మెరుపును కోసి చెరువు అడుగు చూపిస్తుంది, సూర్యుడికి 90 డిగ్రీల పక్కకి తిరిగి తీస్తే ఆకాశం ముదురు నీలం వస్తుంది. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). కొనేటప్పుడు సర్క్యులర్ అని ఉన్నదే కొనండి. పాతకాలపు లీనియర్ రకం పెడితే ఆ సగం పారదర్శక అద్దం దగ్గర వెలుతురు సరిగ్గా చీలక ఫోకస్, మీటరింగ్ (వెలుతురు కొలత) తప్పుతాయి. లెన్సులకు 49, 58, 77 అని మూడు కొలతలుంటే 77 ఎంఎం ఫిల్టర్ ఒకటి మంచిది కొని, మిగతా వాటికి స్టెప్-అప్ రింగులు వేసుకోండి.

ట్రైపాడ్ బరువు మోసే శక్తి మీ కెమెరా, లెన్స్ బరువుకి రెండింతలు ఉండాలి. మైపాడు, కొత్తపట్నం ఇసుకలో నిలబెట్టేటప్పుడు అన్నిటికన్నా కింది సన్న కాలు ముందు లాగండి, అప్పుడు జాయింట్లు తడికి, ఇసుకకి పైన ఉంటాయి. ఇంటికొచ్చాక కాళ్ళు మంచినీళ్ళతో కడిగి, విప్పి ఆరబెట్టండి. కారులోంచి పక్షులు తీసేవాళ్ళకు స్టాండు అక్కర్లేదు. పాత జీన్స్ కాలు ముక్క కుట్టి అందులో రెండు కిలోల బియ్యం పోసి కిటికీ మీద పెడితే 600 ఎంఎం లెన్స్ కూడా కుదురుగా కూర్చుంటుంది. ఇంజిన్ ఆపడం మరిచిపోకండి.

రాత్రి రాకెట్ గీత తీయాలంటే లాక్ అయ్యే కేబుల్ రిమోట్ కావాలి. 18 ఎంఎం, ఎఫ్/11 నుంచి ఎఫ్/16, ఐఎస్ఓ (వెలుతురును పట్టే చురుకు) 100, బల్బ్ మోడ్ (నొక్కి ఉంచినంతసేపు షట్టర్ తెరిచి ఉండేది). దూరపు దీపం మీద ముందే ఫోకస్ వేసి మాన్యువల్‌కి మార్చండి, లెన్స్‌లోని స్టెబిలైజర్ ఆపేయండి. రెండు నుంచి నాలుగు నిమిషాలు తెరిచి ఉంచాలి. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపకపోతే, మూడు నిమిషాల ఫొటో తర్వాత కెమెరా ఇంకో మూడు నిమిషాలు ఏ పనీ చేయదు. ఇక వెనక నుంచి వ్యూఫైండర్‌లోకి దూరే వెలుతురు ఆటో మోడ్‌లో మీటరింగ్‌ను తప్పుదారి పట్టిస్తుంది, అందుకే కానన్ పట్టీకి ఒక చిన్న రబ్బరు మూత తగిలించి ఇస్తుంది. చాలామంది అదెందుకో తెలియక పారేస్తారు.

ఒడ్డున సూర్యోదయం తీసేవాళ్ళు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకండి, టెలిఫొటో లెన్స్‌తో అసలే వద్దు. లెన్స్ పోగేసిన వెలుతురంతా అద్దం మీదుగా నేరుగా కంట్లోకే వస్తుంది. స్క్రీన్ మీద చూసి తీయండి.

ఉప్పుగాలి, ముసురు, బూజు

ఇక్కడ కెమెరాలు చెడిపోయేది వాడకం వల్ల కాదు, బీరువాలో పెట్టి మరిచిపోవడం వల్ల. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిందంటే గాలిలో తేమ దిగదు. తోలు సంచిలో, చీకట్లో పడున్న లెన్స్ గాజుల మధ్య సాలెగూడు దారాల్లాంటి బూజు మొదలవుతుంది. అది కోటింగును తినేస్తే తుడిచినా మచ్చ పోదు.

డ్రై క్యాబినెట్ కొనగలిగితే 40-50 శాతం తేమ దగ్గర పెట్టండి. 30 కన్నా కిందికి దించితే రబ్బరు, లోపలి గ్రీజు ఎండిపోతాయి. కొనలేకపోతే గాలి చొరబడని 10 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, 200 గ్రాముల సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే (ఇంకో రకంలో నారింజ రంగు ఆకుపచ్చగా మారుతుంది) వంటకు వాడని పళ్ళెంలో పోసి ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. లెదర్ కేసును ఆ డబ్బాలో పెట్టకండి, తేమను మోసుకొచ్చేదే అది.

సముద్రం నుంచి వచ్చాక ముందు బ్లోయర్‌తో ఊదండి, తర్వాత తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ తుడవండి, ఆ తర్వాత పొడిగుడ్డ. ఊదకుండా లెన్స్ రుద్దితే ఉప్పు పలుకే కోటింగును గీస్తుంది. ఏసీ కారులోంచి బయటికి తీసేటప్పుడు కెమెరాను జిప్ కవరులోనే అరగంట ఉంచండి, చెమ్మ కవరు మీద పడుతుంది. చీమకుర్తి క్వారీల దగ్గర, బండలాగుడు బరిలో లెన్స్ మార్చకండి.

ఫొటోలో ఒకే చోట బూడిద చుక్క వస్తుంటే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టు. ఎఫ్/16లో ఆకాశం తీసి చూడండి. ఫొటోలో పైన ఎడమవైపు ఉంటే, ముందు నుంచి చూసినప్పుడు సెన్సర్ మీద కింద ఎడమవైపు ఉంటుంది. మెనూలో సెన్సర్ క్లీనింగ్ మోడ్ పెట్టి, బాడీని బోర్లా పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదొద్దు, గాలి డబ్బా స్ప్రే వద్దు. వ్యూఫైండర్‌లో కనిపించి ఫొటోలో కనిపించని చుక్క ఫోకసింగ్ స్క్రీన్ మీద ఉన్నది, దాన్ని వదిలేయండి. అద్దాన్ని గుడ్డతో తుడవకండి. ఇంటి అద్దంలా వెనక కాకుండా దీని పూత ముందు వైపే ఉంటుంది, ఒక్క తుడుపుకి గీత పడుతుంది.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. నైకాన్‌లో తీసిన ఫొటో వివరాల్లోనే ఆ అంకె ఉంటుంది, కానన్‌కి కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. డీ750, డీ7500, 5డీ మార్క్ 3లకు తయారీదారు చెప్పిన ఆయుష్షు 1,50,000, 90డీకి 1,20,000, 80డీ, 6డీలకు 1,00,000. సగం దాటితే ధర అంతకంతా తగ్గాలి. లెన్స్‌ను రెండు మూతలూ తీసి, వెనక నుంచి సెల్ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త పక్కగా చూడండి. దారాలు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు, ఆ బూజు మీ డబ్బాలోని మిగతా లెన్సులకూ అంటుకుంటుంది. ఒకట్రెండు దుమ్ము రేణువులు మాత్రం ఫొటోకి ఏమీ చేయవు. మూత పెట్టి 30 సెకన్ల ఫొటో తీసి రంగు చుక్కలు (చెడిన పిక్సెళ్ళు) ఉన్నాయేమో చూడండి. పట్టు రబ్బరు ఉబ్బి జిగురుగా ఉంటే తేమలో పడున్న బాడీ అని అర్థం. చివరగా బిల్లు మీది సీరియల్ నంబరూ బాడీ అడుగునున్న నంబరూ ఒకటేనో కాదో చూసుకుని, అగరొత్తుల పెట్టెల పరీక్ష అక్కడే బల్ల మీద చేసి, అప్పుడు డబ్బులివ్వండి.